సెంటర్ లైను మీద గట్టు

ఊరంతా గంగానమ్మకి కొబ్బరికాయలు కొట్టి మా టీం గెలవాలని మొక్కుకుంటుంటే, మొదటి మ్యాచ్‌లోనే ఓడిపోవాలని మొక్కుకున్నదాన్ని నేనొక్కదాన్నే. పైగా ఆ టీంకి గోల్‌కీపరు మా ఆయన. ఇప్పుడైతే నవ్వుకుంటూ చెప్తున్నాను గానీ, ఏడేళ్ళ కిందటి ఆ ఎండాకాలంలో నాకది నవ్వులాట కాదు.

బంటుమిల్లి దాటాక రోడ్డుకి రెండువైపులా ఎటు చూసినా చేపల చెరువులే. అందులో మూడున్నర ఎకరాల చెరువు మా మావయ్యగారు పేరయ్యగారిది. చెరువంటే గుండ్రంగా ఉంటుందనుకునేరు, మాది పొడుగ్గా సన్నగా ఉంటుంది. శివరాత్రి వెళ్ళేసరికి చేప పట్టేసి, ఇంజన్లు పెట్టి నీళ్ళు తోడేసి, అడుగు ఎండబెట్టేవాళ్ళు. మళ్ళీ జూన్‌లో కాలవకి నీళ్ళు వదిలేదాకా అది ఖాళీయే. ఆ మూడు నెలలూ మా ఊరి ఫుట్‌బాల్ క్లబ్బుకి అదే గ్రౌండు. నేల నెర్రెలిచ్చిన చోటల్లా ఊక పోసి, మట్టి కప్పి, ట్రాక్టరు తిప్పి చదును చేసేవాళ్ళు. రెండు చివర్లా సరుగుడు కర్రలు పాతి, చిరిగిన చేపల వల కడితే గోల్‌పోస్టులు తయారు. ఆడినంతసేపూ నీచు వాసన వస్తూనే ఉండేది, అది ఎవరికీ తెలిసేది కాదు, బయటినుంచి వచ్చిన నాకు తప్ప.

నేను పుట్టి పెరిగింది బెజవాడ కృష్ణలంకలో. మా నాన్న కృష్ణలో వల వేసేవాడు. నేను మునిసిపల్ స్కూల్లో చదువుకుంటూ ఫుట్‌బాల్ ఆడాను. జిల్లా దాకా వెళ్ళాను కూడా. ఆ సంగతి అత్తారింట్లో ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

టీం పేరు గంగానమ్మ యూత్ ఫుట్‌బాల్ క్లబ్. యూత్ అన్నమాటే గానీ, అందులో కుడివైపు ఆడే జక్కయ్య బాబాయికి అప్పటికే నలభై రెండేళ్ళు. ఆట నేర్పేది హనుమయ్య మేస్టారు, హైస్కూల్లో డ్రిల్లు మేస్టారుగా చేసి రిటైరైన మనిషి. మా ఆయన మణికుమార్ గోల్ కాస్తే, మా మరిది నాంచారయ్య ముందుండి గోల్సు కొట్టేవాడు. ఇరవయ్యేళ్ళుగా వాళ్ళలో వాళ్ళూ, చుట్టుపక్కల చెరువుల ఊళ్ళవాళ్ళతోనూ ఆడుకోవడమే. ఆ ఏడు మొదటిసారి బెజవాడ టోర్నమెంటుకి పేరిచ్చారు.

ఇక నా మొక్కు సంగతి. పెళ్ళై వచ్చిన మూడో ఏడది. ఇంట్లో పొయ్యి ఒకటి, కోడళ్ళం ఇద్దరం. మా తోడికోడలు భానుశ్రీది పామర్రు. పులుసులో ఉప్పు దగ్గర్నుంచి వాకిట్లో ముగ్గు దాకా మా ఇద్దరికీ దేంట్లోనూ పడేది కాదు. కానీ అసలు బాధ అది కాదు. చెరువుకి మేత మోసేది మా ఆయన. కాపలా పడుకునేది మా ఆయన. మరిదేమో ఇస్త్రీ చొక్కా వేసుకుని చేపల వ్యాను తోలుకుంటూ హనుమాన్ జంక్షన్‌కీ ఏలూరుకీ తిరిగొచ్చి, "వదినా, ఆకలేస్తంది" అని కూర్చునేవాడు. నాకు ముక్కుమీద కోపం. ఉగాది వెళ్ళిన వారానికి నోరు తెరిచాను.

"చెరువు పంచెయ్యండి మావయ్యగారూ. ఎవరి కష్టం వాళ్ళు తింటాం."

భాను నాకేం తీసిపోలేదు. "పంచితే మాకూ హాయేనండి," అంది లోపల్నుంచి.

అంతే, ఆ రోజునుంచి అన్నదమ్ములిద్దరూ ఇంట్లో మూగనోము పట్టారు. ఎదురుపడితే ఒకడు గోడవైపు చూసేవాడు, ఇంకొకడు ఫోన్ వైపు చూసేవాడు. ఒకరినొకరు ఏమీ అనుకోలేదు. అనుకోకుండానే మాటలు పోయాయి.

మా వైపు చెరువు పంచడమంటే కాగితం మీద పంచడం కాదు. నడిమధ్య అడ్డగట్టు వెయ్యాలి. చెరువు ఎండి ఉన్నప్పుడే అది కుదురుతుంది. నీళ్ళొచ్చాయంటే మళ్ళీ ఏడాది దాకా ఆ మాట ఎత్తడానికి లేదు. పెద్దమనుషులు టేపు పట్టుకుని వచ్చారు గానీ కొలవాల్సిన పని పడలేదు. హనుమయ్య మేస్టారు చెరువు నడిమికి కొలిచి సున్నంతో సెంటర్ లైను గీసి ఉంచారు. ఉత్తరం సగం పెద్దోడికి, దక్షిణం సగం చిన్నోడికి, గట్టు ఈ గీత మీద అని అక్కడే తేల్చేశారు. మేస్టారు పాపం గీతకి అవతల నిలబడి, తనేదో తప్పు చేసినట్టు చూస్తూ ఉండిపోయారు.

మావయ్యగారు ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ఆ రోజు తువ్వాలు దులిపి భుజాన వేసుకుని ఒక్క మాట అన్నారు.

"ఆట ఉన్నన్నాళ్ళూ నా చెరువులో పొక్లెయిన్ దిగదు. ఓడినా గెలిచినా, ఆట అయిపోయిన మర్నాడు గట్టు."

నేను వేళ్ళ మీద లెక్కేసుకున్నాను. ఆదివారానికొక మ్యాచ్. ఓడితే ఇంటికే. మొదటి మ్యాచ్ మే నెల మధ్యలో, ఫైనల్ జూన్ రెండో ఆదివారం. కాలవకి నీళ్ళు కూడా ఇంచుమించు అప్పుడే. అంటే మా వాళ్ళు ఒక్కో మ్యాచ్ గెలిచేకొద్దీ నీళ్ళు నా గట్టుకి దగ్గరవుతాయి. పైదాకా వెళ్ళారంటే ఇంకో ఏడాది భానుతో అదే పొయ్యి దగ్గర నిలబడాలి. అందుకే, తల్లీ గంగానమ్మా, వీళ్ళని మొదటి ఆదివారమే ఇంటికి పంపించెయ్ అని మొక్కుకున్నాను.

*

మొదటి మ్యాచ్‌కి నేనూ వ్యాను ఎక్కాను, ఆట చూద్దామని కాదు, పుట్టింటికి వెళ్ళి అమ్మ చేతి అన్నం తినొద్దామని. భాను కూడా ఎక్కింది. పామర్రులో టిఫిన్‌కి ఆగినప్పుడు వాళ్ళ అమ్మావాళ్ళు రోడ్డుమీదికొచ్చి డబ్బాడు అరిసెలిచ్చారు. అన్నదమ్ములిద్దరూ వ్యానుకి ఆ చివరొకడు ఈ చివరొకడు కూర్చుని అరిసెలు తిన్నారు.

బెజవాడలో కాలేజీ గ్రౌండు. పచ్చగడ్డి, తెల్లగీతలు, నాలుగు మూలలా జెండాలు. ఆట మొదలైన మూడో నిమిషంలో బంతి జక్కయ్య బాబాయి పక్కనుంచి గీత దాటి బయటికి పోయింది. బాబాయి కదల్లేదు. నడుం మీద చేతులేసుకుని, బంతి వెనక్కి వస్తుందని ఎదురుచూస్తూ నిలబడ్డాడు. అక్కడ గట్టు లేదన్న సంగతి ఆయనకి తట్టలేదు.

మా చెరువులో బంతి బయటికి పోవడమనేది లేదు. రెండువైపులా నిలువెత్తు గట్టు. కొడితే గట్టుకి తగిలి తిరిగొస్తుంది, ఆట సాగిపోతుంది. పక్క ఊళ్ళవాళ్ళూ చెరువుల్లోనే ఆడతారు కాబట్టి ఇరవయ్యేళ్ళలో ఎవరికీ అనుమానం రాలేదు. గీత దాటిన బంతిని చేత్తో విసరాలని వాళ్ళకి తెలుసు, టీవీలో చూశారు. విసిరే అవసరం మాత్రం ఎప్పుడూ పడలేదు.

ఇక విసరడం మొదలుపెట్టారు చూడండి. మా వాళ్ళ చేతులకి తెలిసిన విసురు ఒక్కటే, వల విసురు. జక్కయ్య బాబాయి బంతిని కుడి తొడ దగ్గర పట్టుకుని, నడుం మెలితిప్పి, ఒంటికాలి మీద గిరుక్కున తిరిగి వదిలాడు. రిఫరీ ఈల వేశాడు. ఫౌల్. మళ్ళీ విసిరాడు, మళ్ళీ ఈల. సగం ఆట అయ్యేసరికి పదకొండు ఈలలు లెక్కపెట్టాను. మెట్ల మీద కూర్చున్న కాలేజీ కుర్రాళ్ళు పొట్ట పట్టుకుని నవ్వారు. "అంకుల్, వల ఇంటికాడ మర్చిపోయొచ్చావా? చేపలేమన్నా పడ్డయ్యా?" అని ఒకటే గోల.

నేను మొక్కుకున్నదే జరుగుతోంది, హాయిగా కూర్చోవాలి కదా. నాకు ఒళ్ళు మండిపోయింది. మా ఆయన్ని, మా మరిదిని, మా ఊరివాళ్ళని తిట్టుకునే హక్కు నాది, నా ముందు ఇంకెవడో నవ్వడమేంటి?

"ఏం బాబూ, మీ ఇంట్లో చేపలు తినరా?" అన్నాను వెనక్కి తిరిగి. "అవి పట్టేది ఆ చేతులే. నోరు మూసుకుని ఆట చూడు."

"చూడలేకపోతే లేచి పో!" అని ఇంకో గొంతు. చూస్తే భాను. కొంగు నడుముకి చుట్టి నిలబడి ఉంది. మా ఇద్దరి మాటా ఒకటవడం ఆ ఇంట్లో అడుగుపెట్టాక అదే మొదటిసారి. కుర్రాళ్ళు నెమ్మదిగా రెండు మెట్లు పైకి జరిగారు.

ఎలా గెలిచారో నాకిప్పటికీ ఆశ్చర్యమే. ఆఖర్లో మా ఆయన గోల్ దగ్గర్నుంచి గొంతు చించుకుని, "ఒరే తమ్ముడో, ఎడం పక్క ఖాళీరా!" అని అరిచాడు. నాంచారయ్య తల తిప్పకుండానే ఎడమకి పరిగెత్తి గోల్ కొట్టాడు. రెండు, ఒకటి. నేను అమ్మ దగ్గరికి వెళ్ళడం మర్చిపోయాను.

*

మర్నాడు సాయంత్రం చెంగు దోపుకుని చెరువులోకి దిగాను. మేస్టారు దగ్గరికి వెళ్ళి చెప్పాను.

"మేస్టారూ, బంతి గట్టుకి తగిలితే బయటికి పోయినట్టే లెక్కపెట్టండి. వీళ్ళకి విసరడం నేను నేర్పుతా."

"నువ్వా?" అన్నాడు మా ఆయన. మూడేళ్ళ కాపురంలో ఆయన ముఖం అంత వెర్రిగా ఎప్పుడూ చూడలేదు.

"నేనే. జిల్లా టీంకి ఆడాను. మీరు అడగలా, నేను చెప్పలా."

మేస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "రూలు నాకూ తెలుసమ్మా," అన్నారు చిన్న గొంతుతో. "ఇక్కడ బయటనేదే లేదు కదా. ముప్పయ్యేళ్ళ సర్వీసులో మర్చిపోయా."

మావయ్యగారు గట్టు మీద గొడుగు వేసుకుని కూర్చుని ఉన్నారు. కోడలు మగాళ్ళ మధ్య దిగిందని ఏమంటారోనని అందరూ అటు చూశారు. ఆయన గొడుగు మూశారు. "చెప్పనీండి. ఆ పిల్లకి తెలిసినట్టుంది," అన్నారు.

జక్కయ్య బాబాయికి నేర్పడానికి నాలుగు రోజులు పట్టింది. "అమ్మాయ్, ఇరవయ్యేళ్ళ నుంచి విసురుతన్నానే," అని ఒకటే సణుగుడు.

"అది వల బాబాయ్. ఇది వల కాదు. పిన్ని నెత్తిమీద గంప పెట్టుకొస్తది చూడు, ఆ గంపని రెండు చేతుల్తో పట్టుకుని తల మీంచి ముందుకి విసిరెయ్. కాళ్ళు రెండూ నేల మీదే ఉండాలి."

"మీ పిన్ని గంప విసిరితే నన్నింట్లోకి రానిస్తదా?"

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. కానీ గంప అన్నాక ఆయనకి పట్టుబడింది. వల విసిరీ విసిరీ ఇనుములా అయిన భుజాలు కదా, అయిదో రోజుకి ఆయన విసిరిన బంతి గీత దగ్గర్నుంచి గోల్ ముందు దాకా వెళ్ళి పడింది. బెజవాడలో కూడా అంత దూరం విసిరినవాణ్ణి నేను చూడలేదు.

గెలవాలని నేర్పుతున్నానా, నవ్వులపాలవకుండా ఓడిపోవాలని నేర్పుతున్నానా అని ఎవరైనా అడిగితే ఏం చెప్పేదాన్నో. గట్టు నాకప్పటికీ కావాలి. సాయంత్రం అయిదు కొడితే మాత్రం ఇంట్లో కాలు నిలిచేది కాదు.

ఆ రోజుల్లోనే ఒక సంగతి గమనించాను. మా అత్తయ్య రత్తమ్మ రోజూ మజ్జిగ బిందె చంకనేసుకుని గట్టు మీదికొచ్చి కూర్చునేది. ఆటంటే ఆవిడకి ఏమీ తెలియదు. ఎవరు ఎటు కొడుతున్నారో, ఎందుకు కొడుతున్నారో పట్టేది కాదు. అసలు ఆటవైపు చూసేదే కాదు. చింతపండు పిక్క తీసుకుంటూనో, చిరిగిన వల అల్లుకుంటూనో వంచిన తల ఎత్తేది కాదు. మజ్జిగ తాగడం అయిపోయినా ఇంటికి వెళ్ళేది కాదు.

"ఎండలో ఎందుకత్తయ్యా, నేను తెస్తా కదా," అన్నాను ఒకరోజు.

అప్పుడే గోల్ దగ్గర్నుంచి మా ఆయన కేక వినిపించింది. "వదిలెయ్ తమ్ముడో, నేను పడతా!" ఆ వెంటనే నాంచారయ్య, "పట్టు అన్నా, పట్టు పట్టు!"

అత్తయ్య చేతిలో పిక్క ఆగింది. ముఖం పైకెత్తకుండానే నవ్వుకుంది.

"ఇక్కడైతే మాట్టాడుకుంటన్నారే," అంది.

నేను బిందె కడగడానికి తీసుకుపోయాను. ఆ మర్నాటినుంచి నేనూ ఆవిడ పక్కన కూర్చుని వినడం మొదలుపెట్టాను. రెండు రోజులకి భాను కూడా వచ్చి ఆవిడకి ఇటుపక్క కూర్చుంది. ముగ్గురం చింతపండు పిక్కలు తీస్తూ, ఇంట్లో వినపడని మాటలు చెరువులో వినేవాళ్ళం. తీసెయ్‌రా. వస్తన్నా అన్నా. వెనకున్నాడు చూసుకో. భలే కొట్టావురా. పొద్దు గూకి ఇంటికి రాగానే మళ్ళీ ఎవడి కంచం వాడిది.

ఇన్నేళ్ళ తర్వాత వెనక్కి తిరిగి చూసుకుంటే, నా జీవితంలో అంత సుఖంగా గడిచిన రోజులు ఎన్నో లేవు. అప్పుడు ఆ సంగతి నాకు తెలియదు.

*

రెండో మ్యాచ్ గెలిచారు. సెమీఫైనల్ కూడా గెలిచారు, అది జక్కయ్య బాబాయి చలవ. ఆయన గీత మీద నిలబడి రెండు చేతుల్తో బంతి తల వెనక్కి తీసుకెళ్ళగానే మెట్ల మీద జనం లేచి నిలబడేవాళ్ళు. ఆయన విసిరిన బంతికి నాంచారయ్య తల ఆనించాడు, అంతే, లోపల పడింది. నేను భానుని పట్టుకుని గంతులేశాను. తర్వాత ఇద్దరికీ సిగ్గేసి, చీరలు సర్దుకుని చెరో పక్కకీ చూశాం.

ఫైనల్ జూన్ పదో తేదీన, ఒన్‌టౌన్ టీంతో. మా ఊరినుంచి మూడు వ్యాన్లు కదిలాయి. అత్తయ్య కూడా వచ్చింది. రెండో సగం మొదలైన పావుగంటకి ఆకాశం నల్లబడి, దుమ్ము లేచి, జెండాలు విరిగిపోయేంత గాలివాన. అప్పటికి ఎవరికీ గోల్ లేదు. కమిటీవాళ్ళు గంటసేపు చూసి, వచ్చే ఆదివారం మొదట్నుంచీ మళ్ళీ ఆడిస్తామన్నారు.

సోమవారం పొద్దున కబురొచ్చింది. గురువారం కాలవకి నీళ్ళు వదులుతారట.

మావయ్యగారు అందర్నీ అరుగు మీద కూర్చోబెట్టారు. నీళ్ళు ఇంకా రెండు మూడు వారాలు పడతాయని అనుకున్నారాయన. ఇప్పుడు గట్టు వెయ్యాలంటే మంగళ, బుధ రెండే రోజులు. ఆదివారం దాకా ఆగితే చెరువులో నీళ్ళుంటాయి, గట్టు వచ్చే ఏడాదికే.

"ఆట అయిందాకా అన్నా నేను," అన్నారు మావయ్యగారు. "ఆట అవలా. నీళ్ళొస్తన్నయ్. మీరే చెప్పండి, ఏం చేద్దాం?"

మా ఆయన నేల చూశాడు. నాంచారయ్య చూరు చూశాడు. ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు, ఈ ఏటికి వద్దులే నాన్నా అంటే అయిపోయేది. నేను ఆ మాట కోసమే చూస్తున్నాను. నా నోటి చివరిదాకా కూడా వచ్చింది, ఒట్టు.

అప్పుడే భాను నవ్వింది. ఎగతాళికి నవ్వలేదని ఇప్పుడు తెలుసు. మా మధ్య కొత్తగా పుట్టిన చనువుతో, నాతో పరాచికాలాడుతున్నాననుకుని నవ్వింది.

"అక్కని అడగండి మావయ్యగారూ. గట్టు గట్టు అని గోల పెట్టిందీ అక్కే, ఇప్పుడు ఆట ఆట అని గంతులేసేదీ అక్కే."

అరుగు కింద నిలబడ్డ ఇద్దరు ముగ్గురు కూడా నవ్వారు. నా చెవులు వేడెక్కాయి. ఆ ముక్కుమీద కోపమే నా కొంప ముంచింది.

"నా మాటేం మారలేదు," అన్నాను. "రేపే వేయించండి గట్టు."

మావయ్యగారు నా వంక కాసేపు చూశారు. నేను ఇంకేమైనా అంటానేమోనని ఆగారనుకుంటా. నేనూ ఆగాను, ఎవరైనా కాదంటారేమోనని. అత్తయ్య లేచి లోపలికి వెళ్ళిపోయింది. మావయ్యగారు ఫోన్ తీసి పొక్లెయిన్ అతన్ని పిలిచారు.

మంగళవారం పొద్దున్నే మిషన్ దిగింది. హనుమయ్య మేస్టారు వచ్చి సరుగుడు కర్రలు పీకించి, వల చుట్టబెట్టి పట్టుకెళ్ళారు. మిషన్ సెంటర్ లైను మీదే మట్టి పోసుకుంటూ పోయింది. గట్టు ఇంత త్వరగా లేస్తుందని నేననుకోలేదు. బుధవారం పొద్దుగూకేసరికి మనిషెత్తు లేచింది. ఇవతల నిలబడితే అవతలివాళ్ళు కనిపించలేదు. అదే రోజు వీధి వసారాలో రేకులు అడ్డం పెట్టి నాకు వేరే పొయ్యి పెట్టించారు. నేను కోరుకున్న పొయ్యే. దానిమీద మొదటిసారి అన్నం మాడ్చాను.

గురువారం కాలవ నిండింది. రెండు తూములు తీసి రెండు సగాల్లోకి నీళ్ళు పెట్టారు.

గట్టు ఇప్పటికీ ఉంది. అన్నదమ్ములు ఇప్పుడు మాట్లాడుకుంటారు, మేత ధర గురించో, కరెంటు గురించో ఫోన్ చేసుకుంటారు. భానూ నేనూ అయితే ఆ గొడవలన్నీ మరచిపోయి కూరగిన్నెలు కూడా మార్చుకుంటాం. క్లబ్బు మళ్ళీ లేవలేదు. సగం చెరువులో ఎంత ఆట ఆడతారు? వేరు పడకపోతే బాగుండేదని అనను, వేరు పడాల్సిన ఇళ్ళు వేరుపడతాయి. ఆ ఒక్క వారం ఆగాల్సింది. ఆ మాట నేను ఎవరి దగ్గరా అనలేదు.

*

ఆ ఆదివారం ఫైనల్‌కి ఒక్క వ్యానే వెళ్ళింది. వారం పాటు ఎవరూ కాలికి బంతి తగిలించి ఎరగరు. అయినా బాగానే ఆడారు. జక్కయ్య బాబాయి గంప విసుర్లు రెండు గోల్ దాకా వెళ్ళాయి, ఒకటి కర్రకి తగిలింది. నేను, అత్తయ్య, భాను ఒకే మెట్టు మీద కూర్చున్నాం. అత్తయ్య ఎప్పటిలాగే తలొంచుకుని చింతపండు ముడి విప్పింది.

ఆఖరి పది నిమిషాలు. ఒన్‌టౌన్ వాళ్ళకి కార్నర్ దొరికింది. సాయం పట్టడానికి నాంచారయ్య కూడా మా గోల్ ముందుకి వచ్చి నిలబడ్డాడు. బంతి గాల్లోకి లేచి వంపు తిరిగి వస్తోంది. మా ఆయన రెండడుగులు ముందుకొచ్చాడు. నాంచారయ్య దానికిందికి వచ్చాడు. నేను లేచి నిలబడ్డాను. అక్కడ మా ఆయన వదిలెయ్ తమ్ముడో అనాలి, లేదా తీసెయ్‌రా అనాలి. రెండిట్లో ఏదో ఒకటి.

ఏమీ వినపడలేదు.

అన్న పడతాడని తమ్ముడు ఆగాడు. తమ్ముడు తీస్తాడని అన్న ఆగాడు. బంతి ఇద్దరి మధ్యా పడింది. ఒన్‌టౌన్ కుర్రాడొకడు బొటనవేలితో తోశాడు, అది మెల్లగా దొర్లుకుంటూ లోపలికి పోయింది. ఇద్దరూ దాన్నే చూస్తూ నిలబడ్డారు. ఒకరినొకరు తిట్టుకోలేదు కూడా. తిట్టుకున్నా నాకు బాగుండేది.

చుట్టూ జనం అరుస్తున్నారు. గోల్ పడిందని అత్తయ్యకి అర్థం కాలేదు. నా చెయ్యి పట్టుకుని లాగింది.

"ఏమే సత్యా, పొద్దుట్నించీ పెద్దోడి గొంతు వినపళ్ళేదేంటే?"

నేను భాను వంక చూశాను. భాను కళ్ళనిండా నీళ్ళు.

"జలుబు చేసిందత్తయ్యా," అన్నాను. "గొంతు పోయింది."

ఆవిడ నమ్మింది. నమ్మిందనే అనుకున్నాను. మ్యాచ్ అయిపోయి, అవతలివాళ్ళు కప్పు ఎత్తుకుని గ్రౌండు చుట్టూ తిరిగి, మా వ్యాను బెజవాడ దాటి, కంకిపాడు, ఉయ్యూరు దాటేదాకా, "జలుబైతే ఆ కిటికీ మూసుకోరా పెద్దోడా," అని చెప్తూనే ఉంది. మా ఆయన కిటికీ మూసుకున్నాడు.

ఇంటికి రాగానే చీరైనా మార్చుకోకుండా మిరియాలు దంచి పాలు కాచింది. రెండు గ్లాసుల్లో పోసింది. ఒకటి తెచ్చి వసారాలో నా కొత్త పొయ్యి గట్టు మీద పెట్టింది. రెండోది పట్టుకుని భాను వైపు వెళ్తుంటే, "అదెవరికత్తయ్యా?" అన్నాను.

ఆవిడ ఆగింది గానీ నా వైపు తిరగలేదు.

"చిన్నోడిక్కూడా పోయినట్టుందే గొంతు," అంది.